జత కాలేదు

మా కొట్టులో అమ్మేవి బూట్లు. అదీ ఎడమ కాలివి మాత్రమే. ఈ మాట వినగానే చాలామంది నవ్వుతారు. ఆ తర్వాత మా ఆయన కుర్చీకి ఆనించిన ఊతకర్ర కనబడుతుంది, ఇక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక గోడలకేసి చూస్తారు. వాళ్ళమీద నాకు కోపం లేదు. నాకు కోపం తెప్పించేవి వేరే ఉన్నాయి, చెబుతాను.

మా ఆయన సరుకు దించే యార్డులో పనిచేసేవాడు. ఒకరోజు వెనక్కి వస్తున్న బండి ఆయన్ని చూసుకోలేదు. కుడికాలు మోకాలి కిందనుంచి తీసేశారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే పలికేవాడు కాదు, తినిపిస్తే తినేవాడు, అంతే. మా ఆయన తండ్రి, మామయ్య, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బూట్లు కుట్టే మనిషి. ఏడుపూ ఓదార్పూ ఆయనకు చేతకావు. ఒక ఎడమ బూటు కుట్టి తెచ్చి మంచం పక్కన పెట్టాడు. "నడవడానికి ఇదొక్కటి చాలు, లే" అన్నాడు. ఆ బూటు తొడుక్కోవడానికే మా ఆయన ఇటు తిరిగాడు. ఆయన్ని గోడనుంచి ఇటు తిప్పేసరికి మా అందరి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ ఒంటి బూటు చూసి ఒకరు అడిగారు, వాళ్ళని చూసి ఇంకొకరు. ప్రతిసారీ రెండు కొని ఒకటి పారేసేవాళ్ళు ఎంతమంది ఉంటారో అప్పటిదాకా మాకు తెలియదు. నాకు కంప్యూటరు పని వచ్చు కాబట్టి ఆన్‌లైన్‌లో కొట్టు తెరిచాను. పేరు 'ఒంటి బూటు'. మామయ్య పాదం ఆకారంలో చెక్కిన అచ్చుల మీద తోలు బిగించేవాడు, మా వదిన, అంటే మా ఆయన అక్క, మిషను మీద పైభాగాలు కుట్టేది. మామయ్య పెట్టిన షరతు ఒక్కటే. "కుడివి మాత్రం నా చేత చేయించకండి." కుడికాలి అచ్చు చెక్కలన్నీ గుడ్డలో మూటగట్టి అటకమీద పడేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. తెలియకపోతే కదా అడగడానికి.

మా ఆయన పని ఫోను. కొనేవాళ్ళు కొలతల కోసం ఫోను చేస్తారు కదా, అప్పుడు ఆయన చెప్పాలి. "కాగితం మీద కాలు పెట్టి చుట్టూ గీత గీయండి. కూర్చొని వద్దు, నిలబడి గీయండి. కూర్చుంటే పాదం ముడుచుకుపోతుంది, ఆ కొలతకి కుడితే బూటు పట్టేస్తుంది." ఈ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ తనూ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడేవాడు. "వాళ్ళకి మీరేం కనబడరు కదా, కూర్చొని చెప్పొచ్చుగా" అనేదాన్ని. "నేను కూర్చొని చెబితే వాళ్ళూ కూర్చొనే గీస్తారు" అనేవాడు. ఎవరైనా కొలత తప్పుగా పంపితే ఆయనకి భలే కోపం వచ్చేది. "చూడు, నీ తమ్ముడు ఒంటికాలి మీద లేస్తున్నాడు" అని నోరుజారి ఒకసారి వదినతో అన్నాను. నాలుక కరుచుకునే లోపే ఆయన పగలబడి నవ్వాడు. "నేనింకెలా లేస్తానే?" అన్నాడు. అవి మా ఇంట్లో మంచి రోజులు.

తర్వాత ఫోను మోగడం తగ్గింది. జనమంతా ఏం కావాలన్నా పెద్ద బజారులో వెతుక్కోవడం మొదలుపెట్టారు. పెద్ద బజారు అంటే వీధిలో ఉండేది కాదు, ఫోనులో ఉండేదే, సూది నుంచి మంచం దాకా అన్నీ అమ్మేది. మా కొట్టు ఉన్నచోటే ఉంది, ఇటు తిరిగేవాళ్ళే లేరు. మొదట్లో మా ఆయన ఫోను చార్జింగు ఉందో లేదో చూసుకునేవాడు. తర్వాత వదినతో "అక్కా, ఒకసారి చెయ్యి, మోగుతోందో లేదో" అనేవాడు. ఆవిడ చేసేది, మోగేది, పెట్టేసేవాడు. కొన్నాళ్ళకి అదీ మానేశాడు. ఒకరోజు పొద్దున టీ తీసుకుని గదిలోకి వెళ్ళేసరికి గోడవైపు తిరిగి ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు. ఒకసారంటే ఎలాగో తిప్పాం. రెండోసారి నా వల్ల కాదని నాకు తెలుసు.

కాబట్టి ఫోను మోగాలి. నాకు కావలసింది అదొక్కటే.

మోగాలంటే మా సరుకుని పెద్ద బజారుతో కలపాలి. మా కొట్టులో ఒక్కో బూటుకీ ఒక పేజీ ఉంది, బజారులోనూ దానికో పేజీ తెరిచి, రెంటికీ ముడి వెయ్యాలి. అక్కడ చూసినవాళ్ళకి మా బూటూ మా ఫోను నంబరూ కనబడతాయి. బూట్లు కుట్టే గదిలోని కంప్యూటరు ముందు కూర్చున్నాను. మామయ్యకి కూడా అర్థమవుతుందని తెరమీద భాష తెలుగులోకి మార్చాను. అదే కొంప ముంచింది.

ఒక్కో బూటు ఫొటో, రంగు, తోలు, సైజు అన్నీ నింపి కలపమని నొక్కితే, కాసేపు చక్రం తిరిగి ప్రతిదాని పక్కనా ఎర్ర అక్షరాలు వచ్చేవి: 'జత కాలేదు'. మళ్ళీ నింపాను. జత కాలేదు. ఫొటోలు కొత్తగా తీశాను. జత కాలేదు. తెర పైనుంచి కిందిదాకా ఒకటే ఎరుపు.

మామయ్య రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని నా భుజం వెనక నిలబడేవాడు.

"ఏమంటున్నారమ్మా వాళ్ళు?"

"జత కాలేదంటున్నారు మామయ్యా."

"ఒక్కటీ?"

"ఒక్కటంటే ఒక్కటి కూడా."

"జత అయితేనే గానీ ఒప్పుకోరా?"

"ఊహూ. జత అయితీరాలి. లేకపోతే బజారులోకి రానివ్వరు."

ఆయన ఏదో అడగబోయి ఆగిపోయాడు. నేను తెరమీంచి కళ్ళు తిప్పలేదు. పని తొందరలో ఉన్నదాన్ని, ఆయన ముఖం చూసే తీరిక ఏదీ? వెనక్కి వెళ్ళి చాలాసేపు అటకకేసి చూస్తూ నిలబడ్డాడని వదిన తర్వాత చెప్పింది.

చివరికి బజారు వాళ్ళ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది. గొంతు తేనెలా ఉంది.

"మేడమ్, మీరు ఎన్ని అనేచోట ఒకటి అని వేశారండీ. ఫుట్‌వేర్‌కి యూనిట్ జత అండీ. ఒకటి అంటే సిస్టమ్ తీసుకోదు."

"మేం అమ్మేదే ఒకటమ్మా. ఒక్క కాలున్న వాళ్ళకి."

"అర్థమైందండీ. కానీ ఒకటి అనే ఆప్షన్ లేదండీ."

"మరి ఒక్క కాలున్న వాళ్ళు ఏం చెయ్యాలి?"

"ఆ ఆప్షన్ కూడా లేదండీ. ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

ఆ పిల్లని ఏమని ఏం లాభం? ఫోను పెట్టేసి బల్లమీద తల ఆనించుకున్నాను. లోపలి గదిలోంచి మంచం కిర్రుమన్న చప్పుడు కూడా లేదు.

మునిగిపోయేవాడికి చేతికేం దొరుకుతోందో చూసుకునే తెలివి ఉండదు. నాకూ లేకపోయింది. ఫుట్‌వేర్‌లో రానివ్వకపోతే ఇంకోచోట దూరుదాం అనుకున్నాను. 'ఇతరాలు'లో పెట్టాను, ఫొటో చూసి బూటని పసిగట్టేసింది. 'వైద్య పరికరాలు'లో పెట్టాను, డాక్టరు కాగితం అడిగింది. ఆఖరికి 'ఇంటి అలంకరణ'లో పెట్టాను. చక్రం తిరిగింది, ఆగింది, పచ్చ అక్షరాలు వచ్చాయి. జత అయింది! గది మధ్యలో నిలబడి పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను. వదిన మిషను ఆపి నన్ను వింతగా చూసింది. అప్పుడు మామయ్య అక్కడ లేడు.

మర్నాడు ఫోను మోగింది.

నేను వంటగదిలో ఉన్నాను. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మోగుతోంది. ఎత్తండీ, ఎత్తండీ అని లోపల్లోపల అరుస్తున్నాను. మంచం కదిలింది. ఊతకర్ర నేలకి తగిలింది. "హలో, ఒంటి బూటు" అన్నాడు ఆయన. ఎన్నాళ్ళకి విన్నానో ఆ మాట. గడప దగ్గరికి పరుగెత్తాను. ఒక చేయి బల్ల అంచు వెతుక్కుంటోంది, లేవబోతున్నాడు.

"కాగితం మీద కాలు పెట్టి..." అని ఆగాడు. వింటున్నాడు. అవతలి గొంతు సరదాగా ఏదో చెబుతోంది. మా ఆయన ముఖం వాడిపోవడం చూస్తున్నాను. "లేదండీ, మేకు రాదు" అన్నాడు మెల్లగా. "లేదు. మొక్కలు పెట్టుకోవడానికి... తెలియదండీ."

ఫోను బల్లమీద పెట్టాడు. నాకేసి చూశాడు.

"గోడకి తగిలించుకుంటాడట. అందులో పూలమొక్క పెడతాడట."

"అది కాదండీ, నేను..."

"నేను వేసుకు తిరిగేదాన్ని నువ్వు ఇళ్ళల్లో షోకుకి పెట్టావు."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగాడు. నేను మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. ఆ వీపుకి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఫోను మోగాలని చేశాను, మీ కోసమే చేశాను, తప్పయింది అని. గోడతో చెప్పినట్టే అయింది.

ఆ మధ్యాహ్నమే బజారు వాళ్ళ సందేశం వచ్చింది. సరుకుని తప్పుడు విభాగంలో పెట్టినందుకు మా ఖాతా మూసేశారు. తాత్కాలికంగా కాదు, పూర్తిగా. పచ్చ అక్షరాలు పోయాయి, ఎర్ర అక్షరాలు కూడా పోయాయి, తెల్లటి తెర మిగిలింది. దాన్ని చూస్తే నాకు ఏడుపు కూడా రాలేదు. ఇక చేయడానికి ఏమీ లేదు, ఎవరికి ఫోను చేయాలో కూడా తెలియదు. కనీసం మామయ్యకి చెప్పాలి కదా అని లేచాను. ఈమధ్య ఆయన పగలు వెనకగదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఏదో కొట్టుకుంటున్నాడు. నేను పట్టించుకోలేదు.

తలుపు తోశాను. మామయ్య చేతిలో తోలుకి బెజ్జాలు వేసే ఆరె ఉంది, మైనం రాసిన దారం పళ్ళ మధ్య ఉంది. గోడవారగా బల్లమీద బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. మా బూట్లే, మా తోలే, మా కుట్టే. ఏదో తేడాగా ఉందని కాసేపు తెలిసింది గానీ ఏమిటో తెలియలేదు. తర్వాత తెలిసింది. ఒక్కో ఎడమ బూటు పక్కన ఒక్కో కుడి బూటు.

మామయ్య దారం నోట్లోంచి తీసి నవ్వాడు. ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది.

"అయిపోవచ్చిందమ్మా. ఇంకొక్కటే. ఇక నువ్వు వాళ్ళకి చెప్పెయ్, జత అయిందని."

అటకమీది మూట విప్పి కింద పరిచి ఉంది. వదిన తలుపు వెనకనుంచి తొంగిచూసింది. నోట్లో నువ్వుగింజ కూడా నానని మనిషి, ఈ గుట్టు ఇన్నాళ్ళూ ఎలా దాచిందో! "నాన్న చెప్పొద్దన్నాడే" అంది. "పైభాగాలు నేనే కుట్టాను."

తోలు చుట్టలుండే మూలకేసి చూశాను. ఖాళీ. ఉన్న తోలంతా ఇందులోనే వాడేశాడు.

"జత అంటే ఆ జత కాదు మామయ్యా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "జత చెయ్యడం అంటే కలపడం! ఇక్కడి పేజీని అక్కడి పేజీకి కలపడం! బూటుకి బూటు కలపమని కాదు! మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు? ఎవరు చెయ్యమన్నారు కుడివి? తోలంతా అయిపోయింది, బజారూ పోయింది, అన్నీ పోయాయి!"

మామయ్య ఆరె బల్లమీద పెట్టాడు. కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"జత కాలేదని రాసుంది కదమ్మా" అన్నాడు. "ఎర్రగా. నువ్వూ అన్నావు, అయితీరాలని. వాడు పడుకుండిపోయాడు. నా మొండితనం వల్ల వాడు పడుకున్నాడేమో అనిపించింది. కుడివి చెయ్యనన్నది నేనే కదా. అందుకని..."

చచ్చిపోవాలనిపించింది నాకు. ఆయన అటకమీంచి ఏం దించాడో, ఏం దిగమింగుకుని దించాడో అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు.

వెనక ఊతకర్ర చప్పుడైంది. నా అరుపుకి లేచి వచ్చినట్టున్నాడు. మా ఆయన గడపలో నిలబడి బల్లకేసి చూస్తున్నాడు. ఆయన లోపలికొచ్చి ఒక కుడి బూటు తీసుకున్నాడు. లోపలికి చెయ్యి పెట్టి బొటనవేలితో కుట్టు వెంట రాశాడు. సరుకు పంపే ముందు ప్రతిదానికీ అలాగే చేసేవాడు.

"ఎప్పటినుంచి చేస్తున్నావు నాన్నా?"

"జత కాలేదన్న కాడినుంచీ."

మా ఆయన వంగి నేలమీది మూట చూశాడు. అందులో ఒకే ఒక్క అచ్చు చెక్క మిగిలి ఉంది, ఇంకా గుడ్డ చుట్టే ఉంది.

"దీన్నెందుకు వదిలేశావు?"

మామయ్య తల దించుకున్నాడు.

"అది నీదిరా" అన్నాడు. "నీ కాలికి చెక్కింది. దాన్ని మాత్రం నేను ముట్టుకోలేకపోయాను."

వదిన చీర చెంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గుడ్డ విప్పాడు. తన పాదమే అది, చెక్కలో. వేళ్ళ దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు. మళ్ళీ లేచి గోడవైపు వెళ్ళిపోతాడని నేను ఎదురుచూస్తున్నాను. తలుపుకి అడ్డంగా నిలబడాలా, కాళ్ళమీద పడాలా, ఏదీ తోచలేదు.

"టైలరు సైజు ఇదే" అన్నాడు ఆయన.

"ఏ టైలరు?" అన్నాను.

"ఎడమకాలు లేని టైలరు. మిషను తొక్కేది కుడికాలితో. మామూలు బూటు అడుగు బండగా ఉండి పెడలు తెలియట్లేదట, పల్చటి అడుగుతో ఒకటి కుట్టివ్వమని ఎన్నిసార్లు ఫోను చేశాడో. చేసినప్పుడల్లా కుడివి చేయమండీ అని చెప్పేవాణ్ణి. ఆ మాట అన్న ప్రతిసారీ..." ఆగాడు. "ఒక్కడు కాదు. చాలామందికి చెప్పాను. నాన్న బాధపడతాడని నేను అడగలేదు."

"నువ్వు బాధపడతావని నేను చెయ్యలేదురా" అన్నాడు మామయ్య.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు తట్టుకోలేక నేను ఖాళీ మూలకేసి తిరిగాను. తోలు లేదు. బజారు లేదు. కోపం మాత్రం ఇంకా ఉంది, ఎవరిమీదో తెలియడం లేదు.

"ఫోను ఏదీ?" అన్నాడు మా ఆయన.

పరుగున వెళ్ళి తెచ్చాను. నంబరు వెతికి చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఫోను దించి బల్లమీద పెట్టబోయాడు. కొనేవాళ్ళని అడుక్కోవడం ఆయనకి అలవాటు లేదు, వాళ్ళే చెయ్యాలి, ఈయన చెప్పాలి. "ఇంకొక్కసారి" అన్నాను. ఆజ్ఞలా వచ్చింది గానీ బతిమాలుకోవడమే అది. ఆయన మళ్ళీ చేశాడు.

ఈసారి ఎత్తారు. వెనక మిషను చప్పుడు మాకందరికీ వినబడింది. తర్వాత ఆ చప్పుడు ఆగింది.

"ఒంటి బూటు నుంచండీ" అన్నాడు మా ఆయన. "అవునండీ, నేనే... కుడివి. చేస్తున్నాం ఇప్పుడు."

అవతలివాళ్ళు ఏదో అడిగారు. మా ఆయన తండ్రికేసి చూశాడు.

"అదాండీ? జత కాలేదని పెద్దాయన పట్టుబట్టాడు."

మామయ్య ముక్కు చీదుకున్నాడు. వదిన తన మిషను మీది తోలుముక్కలన్నీ ఏరి ఒళ్ళో పరుచుకుంటోంది, వాటితో ఏమొస్తుందో లెక్క చూసుకుంటున్నట్టు. ఏమీ రాదని నాకు తెలుసు. రేపు తోలు ఎక్కడినుంచి తేవాలో నాకు తెలియదు. బజారు తలుపు మాకు మళ్ళీ తెరవరు.

"కాగితం ఉందా అండీ? పెన్సిలు కూడా తీసుకోండి" అంటున్నాడు మా ఆయన. "కాలు కాగితం మీద పెట్టండి. అయ్యో, కూర్చొని కాదండీ, నిలబడాలి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇవతల ఆయన ఒళ్ళోని చెక్కపాదాన్ని తండ్రి చేతికిచ్చి, బల్ల అంచు పట్టుకుని, ఒంటికాలి మీద లేచాడు.